విజయవాడ నుంచి లంబసింగికి బైకు మీద: చలి, బస, వేడినీళ్లు

విజయవాడలో పెరిగినవారికి చలితో పెద్దగా పరిచయం ఉండదు. జనవరిలో రాత్రి ఉష్ణోగ్రత 18 డిగ్రీలకు దిగితేనే మా వీధిలో మంకీ క్యాపులు, శాలువాలు బయటికి వస్తాయి. అందువల్ల లంబసింగికి బైకు మీద వెళ్దామని గుంటూరులో ఉండే మా బావమరిది ప్రతిపాదించినప్పుడు నేను ముందు ఆలోచించింది దారి గురించి కాదు, ఒంటి మీద వేసుకోవలసిన బట్టల గురించి. సంక్రాంతి రద్దీ మొదలుకాకముందే, జనవరి మొదటి వారం దాటాక, రెండు బైకుల మీద ఐదు రోజులు వెళ్లి వచ్చాము. ఆ ప్రయాణంలో దిగిన బసలను, చూసిన చోట్లను ఇక్కడ ఒకే కొలతతో తూచి రాస్తున్నాను: చలిలో బండి నడిపి వచ్చిన మనిషికి అవి ఎంత వెచ్చదనం ఇచ్చాయన్నదే ఆ కొలత.

అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలోని లంబసింగి సముద్రమట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడివారు దానిని కొర్రబయలు అని కూడా అంటారు. రాత్రి బయట ఉండిపోయిన మనిషి తెల్లారేసరికి కొర్రలాగా, అంటే కర్రలాగా, బిగుసుకుపోతాడని ఆ పేరుకు అర్థం చెబుతారు. చలికాలంలో ఉష్ణోగ్రత ఒక అంకెకు దిగడం అక్కడ మామూలు విషయం. అయితే బైకు నడిపేవారికి వార్తల్లో చెప్పే డిగ్రీల లెక్క చాలదు. 10 డిగ్రీల చలిలో గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తే ఒంటికి తగిలే చలి దాదాపు 5 డిగ్రీలతో సమానం. ఉన్నదే 5 డిగ్రీలయితే అది సున్నాకు రెండు డిగ్రీలు దిగువన ఉన్నట్టు తగులుతుంది. మన ఒంటి చుట్టూ పల్చగా ఉండే వెచ్చని గాలి పొరను ఎదురుగాలి ఎప్పటికప్పుడు ఊడ్చుకుపోవడమే దీనికి కారణం. కాబట్టి ఎంత మందం స్వెట్టరు వేసుకున్నా, దాని మీద గాలిని ఆపే పొర ఒకటి లేకపోతే ప్రయోజనం ఉండదు.

ఈ సంగతి తెలిసిన మిత్రుల సలహా మీద మూడు పొరలు సిద్ధం చేసుకున్నాము. ఒంటికి ఆనుకుని చెమటను పీల్చుకోకుండా బయటికి పంపే సింథటిక్ థర్మల్స్, దాని మీద ఫ్లీస్ జాకెట్, అన్నిటి పైన గాలి దూరని రెయిన్‌కోటు. నూలు బనియను మాత్రం వద్దనుకున్నాము. అది చెమటకు తడిస్తే గంటల తరబడి ఆరదు, ఆ తడి ఒంట్లోని వేడిని లాగేస్తూనే ఉంటుంది. మెడకు మఫ్లరు బదులు గొట్టంలా ఉండే సాగుడు గుడ్డ తీసుకున్నాము, ఎందుకంటే మఫ్లరు కొస జారి గాలికి ఎగిరితే బండి మీద ప్రమాదం. మంకీ క్యాపు మందంగా ఉండి హెల్మెట్ కింద సరిగా కూర్చోలేదు. పైగా అది చెవుల దగ్గర నొక్కుకుని అరగంటలో తలనొప్పి తెచ్చింది. దాని స్థానంలో కొన్న పల్చని ముఖం తొడుగు బాగా పనిచేసింది.

నేను అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టింది చేతుల మీద. ఆటోనగర్‌లో సీటు కవర్లు కుట్టే ఒక కుర్రవాడి దగ్గర కూర్చుని, హ్యాండిల్‌కు రెండు వైపులా తొడిగే రెగ్జిన్ సంచులు కుట్టించాను. లోపల పాత కంబళి ముక్క, హ్యాండిల్ వైపు బిగించడానికి పట్టీ, చెయ్యి దూర్చే మూతి దగ్గర గుండ్రంగా వంచిన ఇనుప తీగ. ఆ తీగ ఆలోచన అతనిదే. "మూతి తెరుచుకుని ఉండాలి సార్, చెయ్యి తీసి మళ్లీ పెట్టేటప్పుడు వెతుక్కోకూడదు," అన్నాడు. ఆ ఒక్క మాటకే అతనికి అడిగినదానికంటే ఎక్కువ ఇవ్వాలనిపించింది. ఇలాంటివి కుట్టించుకునేవారు ముందు ఊళ్లోనే నడిపి చూసుకోవాలి. గాలి వేగానికి రెగ్జిన్ లోపలికి వంగి క్లచ్ లివరును, బ్రేకు లివరును నొక్కకూడదు, హారను, ఇండికేటరు మీటలు చేతికి అందాలి.

మొదటి రోజు మేము చేసిన పొరపాటు తెల్లవారుజామున నాలుగింటికే బయలుదేరడం. గన్నవరం దాటి హనుమాన్ జంక్షన్ సమీపించేసరికి పొలాల మీద, కాలవల మీద లేచిన మంచు రోడ్డును పూర్తిగా కప్పేసింది. హెల్మెట్ వైజరు బయట మంచు తుంపర, లోపల ఊపిరి ఆవిరి. వైజరు ఎత్తితే కళ్ల నీళ్లు, దించితే ఎదుటి లారీ కనపడదు. హనుమాన్ జంక్షన్‌లో ఆగి, టీ దుకాణం బల్ల మీద గంటన్నర కూర్చున్నాక గాని ముందుకు సాగలేకపోయాము. చీకట్లో బయలుదేరి మేము ఆదా చేసుకున్న సమయం ఏమీ లేదు. జనవరిలో ఈ దారిన వెళ్లేవారు ఏడు తర్వాత కదలడమే మేలని నా అభిప్రాయం. గుండుగొలను దగ్గర చీలి దేవరపల్లి, కొవ్వూరు మీదుగా వెళ్లే నాలుగు వరసల దారి పట్టాము. గోదావరి దాటి రాజానగరం, అన్నవరం మీదుగా తుని చేరేసరికి మధ్యాహ్నం అయింది, ఎండకు ఒక్కొక్క పొర విప్పి సంచిలో పెట్టుకున్నాము. టోల్ గేట్ల దగ్గర ద్విచక్ర వాహనాలకు రుసుము లేదు కాబట్టి ఎక్కడా ఆగనవసరం రాలేదు.

తుని నుంచి నర్సీపట్నం చేరి, బస్టాండు దగ్గరలో ఒక లాడ్జిలో దిగాము. గది చిన్నది, దుప్పట్లు పల్చన, అయినా నేను దానికి మంచి మార్కులే వేస్తాను. గీజర్ ఉంది, అది తెల్లవారుజామున కూడా పనిచేసింది, బైకులు లోపలి వసారాలో పెట్టుకోనిచ్చారు. రాత్రంతా మంచులో తడవని సీటు మీద ఉదయం కూర్చోవడం ఎంత సుఖమో తర్వాతి రెండు రోజుల్లో తెలిసివచ్చింది. ఘాట్ ఎక్కేవారు నర్సీపట్నంలోనే ట్యాంకు నింపుకుని, మందులు, బ్యాటరీల వంటివి కొనుక్కోవడం మంచిది.

మరునాడు సూర్యోదయానికి ముందే పైకి చేరాలన్న ఆత్రంలో అయిదింటికి బండ్లు తీశాము. రెగ్జిన్ సంచులు ఇంకా సామాను అడుగునే ఉన్నాయి, తోలు గ్లౌజులు చాలులే అనుకున్నాను. ఆ గ్లౌజుల లోపల మరో జత ఉన్ని గ్లౌజులు వేసుకోవడం నేను చేసిన రెండో తప్పు. చెయ్యి బిగుసుకుని వేళ్లకు రక్తం సరిగా ఆడలేదు. డౌనూరు దాటి ఘాట్ మొదలయ్యాక నాలుగైదు మలుపుల్లోనే వేళ్ల కొసలు సూదులతో గుచ్చినట్టయి, ఆ తర్వాత అసలు స్పర్శే పోయింది. ఒక మలుపులో క్లచ్ పట్టుకున్నానో లేదో చేతికి తెలియలేదు. బ్రేకు ఒక క్షణం ఆలస్యంగా అందింది, బండి రోడ్డు అంచున ఉన్న మట్టి దాకా వెళ్లి ఆగింది. వెనక నుంచి వచ్చిన బావమరిది నా చేతులు చూసి, "బావా, ఇక ఒక్క అడుగు కూడా వద్దు, ముందు చేతులు వెచ్చబడనీ," అని బండి తాళం తీసేసుకున్నాడు.

అక్కడే పావుగంట నిలబడ్డాము. గ్లౌజులు తీసి చేతులు చంకల్లో పెట్టుకున్నాను. మొద్దుబారిన వేళ్లను సైలెన్సరు మీద, ఇంజను మీద కాచుకోవడం చాలామంది చేసే పని గాని, స్పర్శ లేని చర్మం కాలినా తెలియదు, సింథటిక్ గ్లౌజులయితే కరిగి అంటుకుపోతాయి. చలి ఎక్కువయినప్పుడు శరీరం గుండెకు, ఊపిరితిత్తులకు వేడిని దాచుకోవడానికి చేతులకూ కాళ్లకూ రక్తం తగ్గిస్తుంది. అందుకే ఛాతీ, మెడ వెచ్చగా ఉంచుకోకుండా చేతులకు ఎన్ని తొడుగులు వేసినా ఫలితం సగమే. బావమరిది సంచిలోంచి పాత దినపత్రిక తీసి నా రెయిన్‌కోటుకు, ఫ్లీసుకు మధ్య ఛాతీ మీద పరిచాడు. ఉన్ని గ్లౌజులు తీసేసి, రెగ్జిన్ సంచులు బిగించి మళ్లీ బయలుదేరాము. గాలి తగలని ఆ చీకటి గూటిలో వేళ్లు పది నిమిషాల్లో దారికి వచ్చాయి. మొత్తం ప్రయాణంలో పెట్టిన ఖర్చులన్నిటిలోకీ ఎక్కువ అక్కరకు వచ్చింది ఆ రెగ్జిన్ సంచులకు ఇచ్చిన సొమ్మే.

లంబసింగిలో మొదటి రాత్రి గుడారంలో దిగాము. నిర్వాహకుల పేరు రాయడం నా ఉద్దేశం కాదు, గుడారంలో ఉండబోయేవారు ముందుగా ఏమి అడగాలో చెప్పడమే ముఖ్యం. మాకు ఇచ్చిన పరుపు అంగుళం మందం కూడా లేదు. పైన రెండు రగ్గులు కప్పుకున్నా, కింద నేల ఒంట్లోని వేడిని రాత్రంతా లాగుతూనే ఉంది. మా ఊపిరి ఆవిరి గుడారం లోపలి గుడ్డ మీద నీళ్లుగా మారి, తెల్లవారుజామున మొహం మీద చుక్కలు చుక్కలుగా పడింది. విప్పి పక్కన పెట్టిన ఫ్లీస్ జాకెట్లు తడిశాయి. వేడినీళ్లు ఇస్తామన్న మాట ఉదయం ఎనిమిది దాటాక గాని నిజం కాలేదు. చలిమంట మాత్రం బాగా వేశారు. కాని మంట దగ్గర ముందువైపు కాగుతుంటే వీపు గడ్డకడుతుంది, అక్కడినుంచి లేచి తడి గుడారంలోకి వెళ్తే ఆ వేడి ఏమాత్రం నిలవదు. కారులో వచ్చినవారికి ఇది ఒక రాత్రి సరదా కావచ్చు. మరునాడు బండి నడపవలసినవారికి మాత్రం నేను సిఫారసు చేయను.

రెండో రాత్రి ఊరి చివర ఒక కుటుంబం అద్దెకు ఇచ్చే పెంకుటింటి గదిలో ఉన్నాము. గోడలు మందం, కిటికీ ఒక్కటే, నులక మంచాల మీద పరుపులు. ఇంటావిడ పెరట్లో కట్టెల పొయ్యి మీద పెద్ద కాగు పెట్టి, అడిగినప్పుడల్లా నీళ్లు తోడి ఇచ్చింది. మా తడిసిన జాకెట్లు చూసి, "పొయ్యికాడ దండెం ఉంది బాబూ, ఆరేయండి, పొద్దుటికి ఆరిపోతాయి," అంది. కాళ్లకు వేడినీళ్ల బకెట్టు, చేతిలో వేడి రాగి జావ గ్లాసు, పొగ వాసన పట్టినా పూర్తిగా ఆరిన జాకెట్టు: ఈ మూడూ దొరికిన ఆ గదికి గుడారానికి ఇచ్చినదానిలో సగమే ఇచ్చాము. ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. గదిలో వెచ్చదనం కోసం నిప్పుల కుంపటి పెట్టుకుందామని బావమరిది అన్నాడు, నేను ఒప్పుకోలేదు. తలుపులు మూసిన గదిలో బొగ్గు నిప్పుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

చూసిన చోట్లలో చెరువులవేనం నాకు బాగా నచ్చింది. లోయ నిండా పరుచుకున్న తెల్లని మంచు మీద ఎండ పడుతుంటే మాట రాలేదు. తాజంగి జలాశయం దగ్గర మాత్రం ఉదయం నీటి మీది గాలి చాలా చురుకుగా కొడుతుంది, బైకు మీద వెళ్లేవారు దానిని పదింటి తర్వాతకు పెట్టుకోవచ్చు. స్ట్రాబెరీ తోటలకు సాయంత్రం వెళ్లాము. బొంగు చికెన్ అమ్మే దుకాణాలు చాలా ఉన్నాయి, ముందే కాల్చి పక్కన పెట్టినది కాక అప్పటికప్పుడు కాల్చి ఇచ్చేది అడగాలి. చలిలో వణకడానికి కూడా శరీరం ఇంధనం ఖర్చు చేస్తుంది కాబట్టి కడుపు ఖాళీగా ఉంచి బండి ఎక్కకూడదు. దాహం వేయదు గాని నీళ్లూ తాగుతూ ఉండాలి. ఒంట్లో వేడి పుడుతుందని మందు తాగి బండి ఎక్కే కుర్రవాళ్లు ఆ దారిలో ఇద్దరు ముగ్గురు కనిపించి బాధ కలిగింది. మద్యం చర్మం దగ్గరి రక్తనాళాలను వెడల్పు చేసి లోపలి వేడిని బయటికి పంపేస్తుంది. వెచ్చగా అనిపించినా ఒళ్లు చల్లబడుతూనే ఉంటుంది.

నాలుగో రోజు చింతపల్లి మీదుగా పాడేరు వెళ్లాము. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం మొదటగా దాడి చేసిన పోలీస్ స్టేషన్ చింతపల్లిదే. ఈ కొండల్లో మేము మూడు పొరల కింద వణుకుతుంటే, ఆ మనుషులు ఒంటి మీద ఏమి కప్పుకుని రాత్రిళ్లు నడిచారోనని చాలాసేపు ఆలోచించాను. పాడేరులో దిగిన లాడ్జి మామూలుదే. గీజర్ ఉంది, అయితే రాత్రి కరెంటు పోయినప్పుడు వేడినీళ్లూ పోయాయి. తెల్లవారుజామున వంజంగి కొండ ఎక్కినప్పుడు మరో పాఠం తెలిసింది. అన్ని పొరలూ వేసుకుని ఎక్కడంతో థర్మల్స్ కూడా చెమటకు తడిసి ముద్దయ్యాయి. మేఘాలు చూసి దిగివచ్చి బండి ఎక్కిన ఐదు నిమిషాల్లో ఆ తడి మంచుగడ్డలా వీపుకు అంటుకుంది, బావమరిదికి పళ్లు టకటకలాడి మాట తడబడింది. మాట తడబడటం, చేతులు పట్టు తప్పడం ఒంటి లోపలి వేడి పడిపోతోందనడానికి గుర్తులు కనుక వెంటనే ఒక టీ దుకాణంలో ఆగి, పొడి బనియను మార్పించి, రెండు గ్లాసుల వేడి టీ తాగించాను. వంజంగికి వెళ్లేవారు రెయిన్‌కోటు, ఫ్లీసు విప్పి చేతపట్టుకుని ఎక్కాలి, దిగాక వేసుకోవడానికి పొడి బనియను ఒకటి పాలిథిన్ సంచిలో వెంట ఉంచుకోవాలి.

పాడేరు ఘాట్ దిగుతుండగా ఎండ వచ్చింది. మాడుగుల హల్వా కొనుక్కుని, చోడవరం మీదుగా అనకాపల్లి దగ్గర హైవే ఎక్కేసరికి ఒంటి మీద చొక్కా మాత్రమే మిగిలింది. ఏలూరు దాటాక చీకటి పడి మళ్లీ చలిగాలి మొదలయింది, రోడ్డు పక్కన ఆగి రెగ్జిన్ సంచులు తిరిగి బిగించుకున్నాము. రామవరప్పాడు రింగు దగ్గర విడిపోయేటప్పుడు బావమరిది నా బండి దగ్గరకు వచ్చి ఆ సంచుల పట్టీలు విప్పి తన సామానులో పెట్టుకున్నాడు. గుంటూరు వెళ్లాలంటే కృష్ణ మీది వంతెన దాటాలి, రాత్రిపూట అక్కడ గాలి ఎక్కువ.