కాశీబుగ్గ లేత్ షాపు: జీడి కటింగ్ మిషనుకు బ్లేడ్లు చేయించుకున్నాక

పలాసలో మాది చిన్న జీడి యూనిట్. మా ఆయన పోయాక నేనే చూసుకుంటున్నాను. రెండు సీజన్లుగా మా కటింగ్ మిషన్ల పనంతా కాశీబుగ్గలో ఒక లేత్ షాపుకే ఇస్తున్నాను. బోర్డు కూడా లేని షాపు, మేస్త్రి గారు, ఒక కుర్రాడు, అంతే. ఇంత మంచి పనిమంతుల గురించి చెప్పాలనిపించింది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మా పక్కనే వజ్రపుకొత్తూరు మండలంలో తీరం దాటింది. ఉద్దానం జీడి తోటలు వేళ్లతో సహా కూలిపోయాయి. ఊరి పిక్క (పెంకుతో ఉన్న జీడి గింజ) చాలక మేమూ ఆఫ్రికా పిక్కకు మళ్లాం. దాని సైజు వేరు, పెంకు మందం వేరు. మిషన్‌లో వేస్తే గుండ్ల (విరగని పలుకుల) కంటే బద్దలే ఎక్కువ కనిపించేవి. 320 నంబరు గ్రేడు అంటే పౌండుకు 300 నుంచి 320 గుండు పలుకులు తూగాలి. పలుకు విరిగిందంటే ఆ రేటు పోయినట్టే. మిషన్ అమ్మిన కంపెనీకి ఎన్నిసార్లు ఫోన్ చేసినా పుస్తకంలో ఉన్నట్టు సెట్టింగు పెట్టుకోమన్నారు తప్ప మనిషిని పంపలేదు.

మేస్త్రి గారు వచ్చి ముందు బ్లేడ్ల జోలికే వెళ్లలేదు. మా గోనెలోంచి వంద పిక్కలు తీసి ఒక్కొక్కటీ వెర్నియర్‌తో కొలిచారు. తర్వాత ఒక పొడుగాటి లెక్కల పుస్తకం తెరిచారు, అంచులన్నీ గ్రీజు నలుపు. గీతలు కొట్టి గడులు చేశారు: తేదీ, పిక్క ఎక్కడిది, ఆవిరి ఎన్ని నిమిషాలు, చల్లారబెట్టింది ఎన్ని గంటలు, బ్లేడ్ల మధ్య సందు, వందకి ఎన్ని విరిగాయి. మూడు వారాలు రోజూ సాయంత్రం వచ్చి మా కటింగ్ ఆడవాళ్లను అడిగి రాసుకున్నారు. వాళ్లను అంత మర్యాదగా అడిగిన మెకానిక్‌ని నేను చూడలేదు. ఏ పూట ఎక్కువ విరుగుతుందో వాళ్లకే ముందు తెలుస్తుంది కదా!

చివరికి పుస్తకం నా ముందు పెట్టి, “బ్లేడొక్కటే కాదమ్మా. ఆర్డరు తొందరున్న రోజుల్లో పిక్క సల్లారనేదు, సాయంత్రమే కోసేసినారు. సల్లారితేనే పప్పు పెంకును ఒదుల్తాది” అన్నారు. ఉడికించిన పిక్కను మర్నాటిదాకా ఆరనివ్వాలని మాకూ తెలుసు. తొందరలో మేమే తప్పాం. ఆయన కావాలంటే నాలుగు జతల బ్లేడ్లు అంటగట్టి డబ్బు తీసుకుని వెళ్లిపోవచ్చు. ఆఫ్రికా పిక్కకు వేరే వంపుతో ఒక్క జత మాత్రం చేసిచ్చారు. చల్లార్చడం, బ్లేడు రెండూ కుదిరాక వందకి 22 విరిగేవి 9కి దిగాయి.

ధర బయటి కంటే ఎక్కువే. ఇదివరకు ప్రతి పనికీ మూడు కొటేషన్లు తెప్పించి తక్కువ చెప్పినవాళ్లకే ఇచ్చేదాన్ని. ఆ బ్లేడ్లు ఎందుకు పాడయ్యాయో మాలో ఒక్కరికీ గుర్తుండేది కాదు, మళ్లీ అదే తప్పు, మళ్లీ అదే ఖర్చు. ఇప్పుడు లోడు మాట్లాడుకున్న రోజే రెండు కిలోల శాంపిలు షాపుకి పంపుతాను. పిక్క గోడౌన్లో దిగేసరికి సందు ఎంత పెట్టాలో ఆయన చెప్పేస్తారు.

ఇబ్బంది లేకపోలేదు. ఉన్నది ఇద్దరే కాబట్టి సీజన్లో ఆలస్యం అవుతుంది. పోయిన ఏడు నాలుగు రోజులు ఆలస్యమై ఒక మిషన్ ఖాళీగా ఉండిపోయింది. ఇంకోటి, ఆ పుస్తకం ఒక్కటే కాపీ. అది పోతే ఏంటని నాకు భయం. అందుకే శనివారం శనివారం మా సూపర్‌వైజర్ అమ్మాయి వెళ్లి మా పేజీలు ఎత్తి రాసుకొస్తోంది. ఆయన కాదనలేదు, పక్కన కూర్చుని అర్థంకాని గుర్తులు చెప్పి రాయించారు.

వెళ్లేవాళ్లు మార్చిలో కొత్త పిక్క దిగకముందే, ఫిబ్రవరిలోనే వెళ్లండి. మీ పిక్క తీసుకెళ్లండి. అది చేతిలో పట్టుకుని చూడందే ఆయన రేటు చెప్పరు.