శాంటోస్ డ్యుమాంట్, జెప్పెలిన్: గాలి ఓడకు రెండు దారులు

గాలి ఓడను పైకి లేపడానికి శాంటోస్ డ్యుమాంట్, జెప్పెలిన్ ఇద్దరూ గాలి కంటే తేలికైన హైడ్రోజన్‌నే నమ్ముకున్నారు. ఓడ కట్టిన తీరు మాత్రం పూర్తిగా వేరు.

బ్రెజిల్ కాఫీ తోటల కుటుంబంలో పుట్టిన అల్బెర్టో శాంటోస్ డ్యుమాంట్ పారిస్‌లో చిన్న ఓడలు కట్టారు. వాటి గ్యాస్ సంచికి గట్టి చట్రం ఉండదు, లోపలి ఒత్తిడి వల్లే ఆకారం నిలుస్తుంది. ఒత్తిడి తగ్గితే సంచి ముడుచుకుపోతుంది. 1901 ఆగస్టులో ఐదో నంబరు ఓడ అలాగే ఒక హోటల్ భవనానికి తగిలి చిరిగిపోయింది. ఆయన బతికి బయటపడి, అక్టోబరు 19న ఆరో నంబరులో ఈఫిల్ టవర్‌ను చుట్టి వచ్చి లక్ష ఫ్రాంకుల బహుమతి గెలిచారు. ఆ డబ్బును తన పనివాళ్లకు, పారిస్ పేదలకు పంచేశారు. నాకు ఆయనంటే అందుకే అంత గౌరవం.

జర్మనీలో కౌంట్ జెప్పెలిన్ 1900 జులై 2న ఎగరేసిన ఎల్‌జెడ్-1 అనే ఓడ పొడవు 128 మీటర్లు. అల్యూమినియం చట్రం, లోపల 17 గ్యాస్ సంచులు. ఒకటి కారినా ఆకారం చెడదు. ఖర్చు మాత్రం విపరీతం. 1908లో ఎల్‌జెడ్-4 కాలిపోయాక ప్రజల చందాలే ఆయన్ను నిలబెట్టాయి.

ఒక్కరు ఎగరడానికి మొదటి పద్ధతి హాయి. 1903లో డ్యుమాంట్ తొమ్మిదో నంబరును తన ఇంటి ముందు వీధిలోనే దించారు. దూరం, బరువు కావాలంటే మాత్రం జెప్పెలిన్ పద్ధతే సరైనది. 1910లోనే ఆ ఓడల్లో ప్రయాణికులు తిరిగారు.