జాజ్ రీఇష్యూలు: నల్లగొండల ఐదేండ్ల సంది వింటున్న, నా అనుభవం

మొదలే చెప్తున్న, నేనేం ఆడియో ఎక్స్‌పర్ట్‌ని గాదు. గడియారం సెంటర్ దగ్గర మొబైల్ షాపు నాది, రాత్రి షట్టర్ దించినంక ఇంటికొచ్చి ఒక గంట రికార్డ్ పెట్టుకుంట, గంతే. ఐదేండ్లల్ల ఇరవై ఆరు జమైనయి, ఎక్కువ బ్లూ నోట్ అనే అమెరికా జాజ్ కంపెనీవే, పాత రికార్డులను మళ్లీ అచ్చేసినయి, గవ్వే రీఇష్యూలు.

బ్లూ నోట్ రీఇష్యూలల్ల టోన్ పోయెట్, క్లాసిక్ వినైల్ అని రెండు సిరీస్‌లున్నయి, ఏది కొనాల్నంటే నేనైతే క్లాసిక్ వినైలే అంట. రెండింటికీ కటింగ్, అంటే అచ్చుకు ముందు పాట గాడి చెక్కుడు, చేసేది ఇంజినీర్ కెవిన్ గ్రేనే, పాత జాజ్‌కైతే చాలావరకు అసలు టేపులకెళ్లే చేస్తడు. టోన్ పోయెట్‌కు అట్ట మందంగుంటది, తెరిస్తే లోపట సెషన్ ఫొటోలుంటయి, చూస్తుంటే పాణం లేచొస్తది గాని నాకు ఒక్కోదానికి రెండు వేల దాక ఎక్కువ పడ్డది, ఫొటోలు వినబడయి కదా.

మా ఇంట్ల అన్నిటికంటే ఎక్కువ మోగింది డ్రమ్మర్ ఆర్ట్ బ్లేకీ ఆల్బమ్ 'మోనిన్'. 1958ల రికార్డింగ్, బూర ఊదిన లీ మోర్గాన్‌కు అప్పటికి ఇరవై ఏండ్లే. వాడు అందుకున్నడంటే మా అమ్మ వంటింట్లకెళ్లి "ఏందిరా, పెండ్లి బరాత్ వచ్చిందా" అంటది. రికార్డింగ్ ఇంజినీర్ రూడీ వాన్ గెల్డర్ న్యూజెర్సీల వాళ్ల అమ్మానాయినల ఇంట్ల, ముందటి రూములనే మైకులు పెట్టి పట్టిండు అది, నమ్మబుద్ధి గాదు.

అప్పట్ల మొదట అచ్చేసిన ఒరిజినల్ ప్రెస్సింగే కావాలని లక్షలు పెట్టేటోళ్లకు ఒక ముచ్చట. ట్రంపెట్ వాయించే మైల్స్ డేవిస్ ఆల్బమ్ 'కైండ్ ఆఫ్ బ్లూ' 1959ల వచ్చింది, సెషన్‌ల టేపు మిషన్ జర మెల్లగ తిరిగింది, అందుకే మొదటి సైడు మూడు పాటలు అసలు శ్రుతి కంటే కొంచెం పైకి మోగుతయి, 1992ల గాని సరిచేయలే. అంటే గీ ఒక్క విషయంల రీఇష్యూనే నయం.

చవుకగ దొరికే యూరప్ రికార్డులు రెండు కొని మోసపోయిన. 1963 కంటే ముందు విడుదలైన రికార్డింగులకు అక్కడ హక్కులు ఐపోయినయి, ఎవలైనా అచ్చేసుకోవచ్చు, ఏ టేపుకెళ్లి తీసిన్రో కవర్ మీద ఒక్క ముక్క ఉండదు, 180 గ్రాములు అని రికార్డ్ బరువు స్టిక్కర్ మాత్రం ఇంత పెద్దగ. డ్రమ్ముల కాడి తాళాల (సింబల్స్) సప్పుడు రేకు డబ్బా మీద రాళ్లేసినట్టుంది.

ఇగ మన బాధలు. మే నెలల ఆర్డర్ పెట్టకుండ్రి. కొరియర్ పిలగాడు నేను షాపుల ఉన్నప్పుడొచ్చి డబ్బా గేటు కాడ ఎండల పెట్టి పోయిండు, మూడు గంటలకే రికార్డ్ పూరీ లెక్క ఉబ్బింది, మీద సూది పెడితే పడవ ఊగినట్టు ఊగుతది. ఇంకోదానికి నడుమ బొక్కనే పక్కకు పడ్డది, పియానో వణుకుతది, వీడియో తీసి పంపితే ఇది మామూలే సార్ అన్నరు.

రికార్డులను మన నల్లా నీళ్లతోని అసలే కడగొద్దు, ఆరినంక గాడుల్ల తెల్లటి పొడి పడ్డది, మొత్తం చిటచిట. నేను బ్యాటరీ షాపుకెళ్లి డిస్టిల్డ్ వాటర్ క్యాన్ తెచ్చుకుంటున్న, షాపాయన నన్ను ఇన్వర్టర్ మెకానిక్ అనుకుంటుండు.