లైప్‌జిగ్‌లో ఆరు నెలలు: గది, వంటగది, శుక్రవారం పాట

మా నాయన తిరుపతి రైల్వే స్టేషను దగ్గర ఒక లాడ్జిలో కౌంటరు చూస్తాడు. మా ఊళ్లో రాత్రి రెండు గంటలకు రైలు దిగినోళ్లకు కూడా వేడి టీ దొరుకుతుంది, విష్ణునివాసంలోనో ఇంకో చోటో తల వాల్చుకునే జాగా దొరుకుతుంది. అట్లాంటి ఊళ్లో పెరిగిన నేను ఒక సెమిస్టరు చదువుకోసం 2024 సెప్టెంబరు 29న జర్మనీలోని లైప్‌జిగ్‌లో దిగినాను. ఆదివారం సాయంత్రం. వీధి వీధంతా అంగళ్లు మూసేసినారు. ఈ దేశంలో ఆదివారం అంతే. పెద్ద స్టేషన్ల లోపల మాత్రం కొన్ని అంగళ్లు తెరిచే ఉంటాయి, పాలూ రొట్టె అక్కడే కొనుక్కొని బయటికి రండి. నాకది తెలియక ఆ రాత్రి అమ్మ కట్టిచ్చిన వేయించిన చెనక్కాయలే తిని పడుకున్నాను.

గది విషయంలో ఇంకా పెద్ద తప్పు చేసినాను. ఫోటోలు చూసి ఒక ప్రైవేటు గది పట్టినాను. వెలుతురు, మంచం, అన్నీ బాగున్నాయి. కానీ నేను అక్కడ ఉంటున్నట్టు సంతకం పెట్టిన కాగితం ఓనరు ఇయ్యనన్నాడు. చేరిన రెండు వారాల్లోపు అడ్రసు నమోదు చేయించుకోవాలి, దాన్ని ఆన్‌మెల్డుంగ్ అంటారు. ఆ కాగితం లేకుంటే నమోదు లేదు, నమోదు లేకుంటే వీసా పొడిగింపు లాంటి పనులు ముందుకు కదలవు. ఫోన్లో ఏడిస్తే నాయన ఒకటే మాట అన్నాడు: "కాగితం ఇయ్యనోడి దగ్గర ఉండొద్దు మా. బాడుగ పోతే పోనీ." ముప్పై ఏండ్లుగా రిజిస్టరు రాస్తున్న మనిషి మాట. వారంలోనే మారిపోయినాను.

అదృష్టం కొద్దీ స్టూడెంటెన్‌వెర్క్ (విద్యార్థులకు హాస్టళ్లు నడిపే సంస్థ) హాస్టల్లో ఒక గది ఖాళీ అయింది. సీటు ఖాయమని ఉత్తరం వచ్చిన రోజే దీనికి అర్జీ పెట్టుకోండి, నాలాగా ఆలస్యం చేయొద్దు. వీసా కోసం ముందే డబ్బు కట్టి పెట్టిన బ్లాక్డ్ అకౌంటు నుంచి నెలకు చేతికొచ్చేది 992 యూరోలు, అందులో గదికి 290 పోయింది. గది చిన్నదే, గోడలు బోసిగా ఉంటాయి. అయినా నేను బతికింది వంటగదిలో. అంతస్తు మొత్తానికీ అదొక్కటే. తిరగమోత పెడితే పొగ అలారం మోగుతుంది, కిటికీ తెరిచి పెట్టాల. ఐసెన్‌బాన్‌స్ట్రాసె వీధిలోని టర్కీ, అరబ్బు అంగళ్లలో కొత్తిమీర, బెండకాయలు కొనుక్కొచ్చి వండితే పక్క గదుల వాళ్లు గిన్నెలు పట్టుకొని వచ్చేవాళ్లు. మధ్యాహ్నానికి యూనివర్సిటీ క్యాంటీను, అంటే మెన్సా, చాలు. చవక, కడుపు నిండుతుంది, కారం మాత్రం అడగొద్దు.

చూడాల్సిన చోటు ఒక్కటి చెప్పమంటే థామస్ చర్చి అంటాను. 1723 నుంచి 1750లో పోయేదాకా పేరుమోసిన సంగీతకారుడు బాఖ్ ఈ ఊళ్లోనే సంగీతం నేర్పినాడు, సమాధి కూడా ఆ చర్చిలోనే ఉంది. శుక్రవారం సాయంత్రం ఆరింటికి అక్కడ మగపిల్లల బృందం పాడుతుంది. పొద్దున్నే అన్నమయ్య కీర్తనలు వింటూ పెరిగిన చెవికి ఆ భాష అర్థం కాలేదు, కానీ కండ్లల్లో నీళ్లు తిరిగినాయి. చలికాలంలో నాలుగున్నరకే చీకటి పడే ఊళ్లో నన్ను నిలబెట్టింది ఆ పాటే.

మార్చిలో ఖాళీ చేసేటప్పుడు పొయ్యి దాకా తుడిచి అప్పజెప్పినాను, డిపాజిట్టు పూర్తిగా వెనక్కి వచ్చింది. నా కుక్కరు, ఇంగువ డబ్బా వంటగది అలమరలో పై అరలోనే పెట్టి వచ్చినాను. తరువాత వచ్చే మనోళ్లు ఎవరైనా వాడుకోవచ్చు.