5600జీ ఒక్కటే చాలా, 12100ఎఫ్‌కి పాత గ్రాఫిక్స్ కార్డు జోడించాలా?

తక్కువ బడ్జెట్‌లో గేమింగ్ పీసీ కట్టించుకోవాలంటే ఈ రెండు ప్రాసెసర్లలో ఏది కావాలో, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీ మెట్లెక్కే ముందే తేల్చుకోండి.

రైజెన్ 5 5600జీకి 6 కోర్లు, గ్రాఫిక్స్ లోపలే. కార్డు ఖర్చు లేదు. వాలరెంట్ లాంటి తేలిక గేములు హాయిగా ఆడుకోవచ్చు, కొత్త పెద్ద గేముల మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. 16 జీబీ ర్యామ్‌ని ఒకే స్టిక్‌గా కొంటే దెబ్బతింటారు: ఈ గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ లేదు, ర్యామ్ మీదే బతుకుతుంది, ఒక్క స్టిక్ అంటే దారి సగమే. 3200 స్పీడ్‌వి 8 జీబీ స్టిక్‌లు రెండు కొని, బయోస్‌లో (పీసీ ఆన్ కాగానే తెరిచే సెట్టింగుల్లో) ర్యామ్‌ని ఆ పూర్తి స్పీడ్‌లో నడిపే ఎక్స్‌ఎంపీ ఆన్ చేయండి.

ఐ3 12100ఎఫ్‌కి 4 కోర్లే. ‘ఎఫ్’ అంటే గ్రాఫిక్స్ లేదని, కార్డు పాడైతే తెర నల్లగానే ఉంటుంది. అయినా సెకండ్‌హ్యాండ్ ఆర్‌ఎక్స్ 580 8 జీబీ గ్రాఫిక్స్ కార్డు జతచేస్తే గేముల్లో 5600జీ దాని దరిదాపుల్లోకి రాదు. కార్డొక్కటే దాదాపు 185 వాట్లు లాగుతుంది. క్యాబినెట్‌తో ఊరికే ఇచ్చే పవర్ సప్లై వద్దు, 8 పిన్ వైరున్న మంచి 500 వాట్లది చూడండి. కార్డు కొనేముందు జీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో షేడర్లు (కార్డులోని చిన్న లెక్కింపు యూనిట్లు) ఎన్నో చూడాలి: 2304 ఉంటే అసలుది, 2048 అయితే తగ్గించినది, ధర కూడా తగ్గించమనండి. షాపులోనే అరగంట గేమ్ నడిపించండి. తెరమీద రంగుచుక్కలొస్తే లేచి వచ్చేయండి.

బడ్జెట్ సాగితే మా ఓటు రెండోదానికే.