ల్యాప్‌టాప్ బ్యాటరీ: కంపెనీదా, కంపాటిబులా?

ఈ వేసవిలో ఈ ప్రశ్న నన్ను అడగడం ఇది నాలుగోసారి. మొన్న పటమట నుంచి మా బామ్మర్ది ఫోన్ చేశాడు. "బావా, చార్జర్ పెడితే లైటు వెలుగుతోంది, చార్జ్ మాత్రం ఎక్కడం లేదు. గవర్నర్‌పేటలో 2,200కి కంపాటిబుల్ వేసిస్తానంటున్నారు. కంపెనీదైతే 5,600 అట. ఏది వేయించమంటావ్?"

కంపాటిబుల్ అంటే ల్యాప్‌టాప్ కంపెనీది కాకుండా, ఆ మోడల్‌కి సరిపోయేలా వేరేవాళ్లు చేసే బ్యాటరీ. ముందు ఆ రెండూ ఆపి చార్జర్ చూడమన్నాను. డెల్, హెచ్‌పీ వాటిలో గుండ్రటి పిన్ను ఉన్న చార్జర్లకి మధ్యలో సూదిలాంటి సన్న కడ్డీ ఉంటుంది. ఎన్ని వాట్ల చార్జరో ల్యాప్‌టాప్‌కి తెలిసేది దాని ద్వారానే. అది వంగినా, వైరు లోపల తెగినా ల్యాప్‌టాప్ నడుస్తుంది గానీ బ్యాటరీ చార్జ్ కాకపోవచ్చు. అదే వాట్ల కంపెనీ చార్జర్ ఎవరిదైనా అరువు తెచ్చి పెడితే పది నిమిషాల్లో తేలిపోతుంది. వాడి విషయంలో చార్జర్ బాగానే ఉంది. విండోస్‌లో బ్యాటరీ రిపోర్ట్ తీయిస్తే డిజైన్ కెపాసిటీ, అంటే కొత్తలో పట్టాల్సిన చార్జ్, 41,040 మిల్లీవాట్ అవర్లు; ఫుల్ చార్జ్ కెపాసిటీ, అంటే ఇప్పుడు పడుతున్నది, 9,800. ఇక మార్చాల్సిందే.

నేను రెండూ వాడాను. రెండేళ్ల కిందట గుంటూరు అరండల్‌పేటలో ఒక షాపులో కంపాటిబుల్ వేయించాను. ఆరు నెలల వారంటీ అని బిల్లు మీద రాసిచ్చారు. మొదట్లో మూడు గంటలు వచ్చింది, నేనూ నలుగురికీ అదే చెప్పాను. ఎనిమిదో నెలలో టచ్‌ప్యాడ్ ఎడమవైపు నొక్కుడు పడటం మానేసింది. దుమ్ము చేరిందేమో అనుకున్నా. వారం తిరిగేసరికి మూత వేస్తే పూర్తిగా మూసుకోవడం లేదు. బల్ల మీద పెడితే కుర్చీకి ఒక కాలు పొట్టి అయినట్టు ఊగుతోంది. అడుగున సందులో గోరు దూరింది. బ్యాటరీ ఉబ్బి, పైనున్న టచ్‌ప్యాడ్‌ని ఎత్తేస్తోంది. విచిత్రమేమిటంటే ఆ రోజు కూడా నా ల్యాప్‌టాప్ రిపోర్ట్‌లో ఫుల్ చార్జ్ కొత్తదానిలాగే 41,040 అనే ఉంది! ఆ అంకె బ్యాటరీ లోపల చార్జ్ దాచే సెల్స్‌ని కొలిచి విండోస్ చెప్పేది కాదు, బ్యాటరీ ప్యాక్‌లో ఉన్న చిప్ చెప్పే మాట. చిప్ నాసిరకందైతే దాని మాటా అంతే.

అలాగని కంపెనీ డబ్బా చూడగానే డబ్బులు కట్టేయకండి. నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యం తయారీ తేదీ. లిథియం బ్యాటరీ వాడకపోయినా వయసు మీద పడుతూనే ఉంటుంది, వేడిలో ఉంటే ఇంకా త్వరగా. మన దగ్గర మే నెలలో నలభై డిగ్రీలు దాటుతుంది. రేకుల కప్పు కింద గోడౌన్‌లో మూడు వేసవులు గడిపిన ఒరిజినల్ కొత్తదెలా అవుతుంది? కిందటేడు బెజవాడ సర్వీస్ సెంటర్‌లో నా ముందు పెట్టిన మొదటి డబ్బా 2021ది. సీలు తీయలేదు సార్, కొత్తదే అన్నాడు కౌంటర్ అబ్బాయి. ఇంకోటి తెప్పించమన్నాను. తొమ్మిది రోజులు పట్టింది, గుంటూరు నుంచి ఇంకోసారి బస్సెక్కాల్సి వచ్చింది, అయినా నాలుగు నెలల కిందట తయారైనది దొరికింది.

అందుకే బామ్మర్దికి కంపెనీదే వేయించుకో, కానీ స్టిక్కర్ మీద తేదీ చూశాకే బిగించనివ్వు అన్నాను. వాడిది మూడేళ్ల మోడల్, బ్యాటరీ లోపల స్క్రూలతో బిగించేది, ఉబ్బితే బయటికి కనపడేలోపే నష్టం చేస్తుంది. అదే ఏడెనిమిదేళ్ల పాత మోడల్‌కైతే తాజా ఒరిజినల్ దొరకడం కష్టం. దానికి తాజా కంపాటిబుల్ వేయించుకోవడమే మేలు. బ్యాటరీ వెనకాల క్లిప్ నొక్కితే ఊడి వచ్చే రకమైతే మరీ దిగులక్కర్లేదు, తేడా వస్తే పీకి పక్కన పెట్టొచ్చు.

పాత ప్యాక్ విప్పి సెల్స్ మార్చి ఇస్తాం అనేవాళ్లూ ఉన్నారు. పాత సెల్స్ తీయగానే కొన్ని చిప్‌లు లాక్ అయిపోతాయి, తర్వాత చార్జే తీసుకోవు. నేనైతే ఆ జోలికి వెళ్లను. బ్యాటరీ లేకుండా చార్జర్ మీదే నడుపుకుంటానంటే మీ ఇష్టం, కరెంట్ పోయినప్పుడు తెలుస్తుంది.

ఎండాకాలంలో ఇంకో సంగతి. ప్యాక్ బాగా వేడెక్కితే లోపలి సెన్సర్ చార్జింగ్ ఆపేస్తుంది, చాలా బ్యాటరీలకి ఆ హద్దు 45 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది. మధ్యాహ్నం మేడ మీద గదిలో, పరుపు మీద పెట్టుకుని పనిచేస్తూ చార్జ్ ఎక్కడం లేదంటే అది జబ్బు కాదు. కిందికి తెచ్చి, ఫ్యాన్ కింద బల్ల మీద అరగంట ఆపి చూడండి.

ఉబ్బినదాన్ని మాత్రం ఇంకొక్కసారి కూడా చార్జ్ పెట్టకండి, గుచ్చకండి, చెత్తబండిలో వేయకండి. నాదాన్ని కొత్తది వేయించిన రోజే సర్వీస్ సెంటర్‌లో ఇచ్చేశాను. రోజంతా ప్లగ్‌లోనే ఉండే ల్యాప్‌టాప్ కాబట్టి కొత్తదానికి 80 శాతం దగ్గర ఆగేలా సెట్టింగ్ పెట్టాను. రెండో రోజే మా అమ్మాయి పరిగెత్తుకొచ్చింది. "నాన్నా, మళ్లీ చార్జ్ ఎక్కడం లేదు!"