బ్యాండ్ నుంచి స్లీవ్‌కు: రెండు దశల రివిజన్ సర్జరీపై నా సమీక్ష

బరువు తగ్గడానికి వేయించుకోగా జీర్ణాశయం చుట్టూ 9 సంవత్సరాలు ఉన్న గ్యాస్ట్రిక్ బ్యాండ్‌ను తీయించి, ఆ తర్వాత 3 నెలలు ఆగి, జీర్ణాశయంలో ఎక్కువ భాగాన్ని తీసేసి సన్నని గొట్టంలా మిగిల్చే స్లీవ్ శస్త్రచికిత్స చేయించుకొని నాకు ఇప్పటికి 14 నెలలు నిండాయి. బ్యాండ్ వేసిన కేంద్రం ఒకటి, దాన్ని తీసి స్లీవ్ చేసిన బృందం మరొకటి. రెండింటి పేర్లూ ఇక్కడ రాయడం లేదు. రివిజన్ అనే ఈ మార్పిడి చికిత్స ఎలాంటిదో, అందులో ఒక్కో దశలో నాకు అందిన వైద్య సేవ ఎలా ఉందో, ఇదే నిర్ణయం తీసుకోవలసి ఉన్నవారికి పనికొచ్చేలా చెప్పాలన్నది నా ఉద్దేశం.

బ్యాండ్ ఎందుకు విఫలమైందో తెలుసుకోకుండా స్లీవ్‌కు మారడం ప్రమాదకరం కాబట్టి ముందుగా దాని పనితీరు చెప్పాలి. అది జీర్ణాశయం పైభాగాన ఉంగరంలా తొడిగే సిలికాన్ పట్టీ. దాని లోపలి అంచున ఉబ్బే పొర ఒకటి ఉంటుంది, అక్కడి నుంచి సన్నని గొట్టం వచ్చి పొట్ట చర్మం కింద కుట్టిన పోర్ట్‌కు కలుస్తుంది. పోర్ట్‌లోకి సూదితో సెలైన్ ఎక్కిస్తే పట్టీ బిగుస్తుంది, తీస్తే వదులవుతుంది. జీర్ణాశయాన్ని కోయనక్కర్లేదు, బిగువును అవసరాన్ని బట్టి మార్చుకోవచ్చు, వద్దనుకుంటే తీసేయవచ్చు అన్న కారణాలతో ఒకప్పుడు దానికి ఎంతో ఆదరణ లభించింది. అమెరికాలో 2001లో అనుమతి వచ్చింది. తర్వాతి సంవత్సరాల్లో పట్టీ జారిపోవడం, జీర్ణాశయం గోడను తొలుచుకొని లోపలికి చేరడం, అన్నవాహిక సాగిపోవడం, పోర్ట్ తిరగబడడం, గొట్టం కారడం వంటి సమస్యలతో మళ్లీ ఆపరేషన్ బల్ల ఎక్కవలసి వచ్చినవారు పెరిగారు, వాడకం బాగా తగ్గిపోయింది.

నాకు మొదటి రెండేళ్లు బ్యాండ్ మేలే చేసింది. 118 కిలోల నుంచి 93 కిలోలకు వచ్చాను. ఆ తర్వాత మెత్తగా నమిలిన ముద్ద కూడా రొమ్ము ఎముక వెనుక ఆగిపోవడం మొదలైంది. అది కిందికి దిగదు, పైకి రాదు. నోరంతా చిక్కటి లాలాజలం ఊరి నురగలా బయటికి వస్తుంది, సింకు అంచు పట్టుకొని పది నిమిషాలు వంగి నిలబడితే తప్ప ఊపిరి తేలికపడదు. ఇలా నెలల తరబడి సాగితే మనిషి తనకు తెలియకుండానే సులువుగా దిగే వాటి వైపు మళ్లుతాడు. గట్టిగా, పీచుగా ఉండే పౌష్టికాహారం దిగదు, నోట్లో కరిగిపోయే తీపి పదార్థాలు మాత్రం ఏ అడ్డూ లేకుండా దిగుతాయి. నా బరువు క్రమంగా 112 కిలోలకు చేరింది. దీన్ని నా మనోబలం లోపంగా మొదటి కేంద్రంలో చాలాసార్లు చెప్పారు, నేను కూడా నమ్మాను. అడ్డు పెట్టి తిండిని ఆపే పరికరం ఆకలిని అలాగే ఉంచినప్పుడు ఇలా జరగడం సహజమని తర్వాతి బృందం వివరించాకే ఆ భారం నా మీద నుంచి దిగింది.

ఆ మొదటి కేంద్రంపై నాకున్న ఫిర్యాదు అదొక్కటే కాదు. పడుకోగానే పుల్లటి నీరు గొంతులోకి ఎగదన్ని, దగ్గుతో లేచి కూర్చోవలసిన రాత్రులు ఏడాదిన్నర పాటు ఉన్నాయి. వెళ్లి చెప్పిన ప్రతిసారీ అర మిల్లీలీటరు సెలైన్ తీసేవారు, బరువు పెరిగిందని మరుసటి నెల మళ్లీ ఎక్కించేవారు. ఆ ఏడాదిన్నరలో ఒక్క ఎక్స్‌రే కూడా తీయలేదు. బ్యాండ్ ఉన్నవారికి రాత్రి దగ్గు, వాంతులు, ఎగదన్నడం కొత్తగా మొదలైతే పట్టీ జారిందేమోనని వెంటనే చూడాలి. అది నిర్లక్ష్యం చేయదగిన లక్షణం కాదు.

రెండో బృందం మొదటి సంప్రదింపులోనే శస్త్రచికిత్స తేదీ మాట ఎత్తకుండా బేరియం పరీక్షకు పంపింది. తెల్లని ద్రవం గుక్క గుక్కగా మింగుతుంటే అది తెర మీద అన్నవాహికలోంచి దిగడం నేను కూడా చూశాను. పట్టీ పైన ఉండవలసిన చిన్న సంచి ఒక పక్కకు ఒరిగి పెద్దదైపోయింది, ద్రవం అందులో నిలిచిపోయి, సన్నని దారంలా కిందికి జారుతోంది. సరైన స్థానంలో ఉన్న బ్యాండ్‌ను ఎదురుగా తీసిన ఎక్స్‌రేలో చూస్తే, పక్క నుంచి చూసిన ఉంగరంలా, ఏటవాలు గీతలా కనిపిస్తుందట. నాది గుండ్రని సున్నాలా తెరుచుకొని కనిపించింది. పట్టీ జారిందనడానికి అది గుర్తు. ఆ తర్వాత ఎండోస్కోపీ చేసి, పట్టీ గోడను తొలుచుకొని లోపలికి రాలేదని నిర్ధారించుకున్నారు. అలా వచ్చి ఉంటే లెక్కలన్నీ మారిపోయేవని, పట్టీ తీసి గాయం పూర్తిగా మానే వరకు స్లీవ్ ఆలోచనే పెట్టుకోకూడదని చెప్పారు.

ఈ చికిత్స మొత్తంలో నేను అన్నిటికన్నా ఎక్కువ విలువ ఇచ్చేది ఆ తర్వాతి 6 వారాలకు. నేను స్లీవ్ కోసమే వచ్చానని తెలిసి కూడా సర్జన్ గారు, స్లీవ్ తర్వాత కొందరిలో ఆమ్లం ఎగదన్నడం పెరుగుతుందని, కొత్తగా మొదలు కావచ్చని, ఆ సమస్య తీవ్రంగా ఉన్నవారికి, జీర్ణాశయం పైన చిన్న సంచి చేసి దాన్ని నేరుగా చిన్నపేగుకు కలిపే గ్యాస్ట్రిక్ బైపాస్ మేలని ముందే చెప్పారు. స్లీవ్‌లో జీర్ణాశయం సన్నని గొట్టంలా మారి లోపలి ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి అలా జరుగుతుంది. నా ఎగదన్నడం జారిన పట్టీ వల్ల వచ్చిందా, లేక నా శరీరంలో ముందు నుంచీ ఉన్నదా అన్నది తేలకుండా ఏ ఆపరేషన్ అన్నది నిర్ణయించనన్నారు. పోర్ట్ నుంచి సెలైన్ మొత్తం తీసేసి 6 వారాలు ఆగమన్నారు. మూడో రోజుకే దగ్గు తగ్గింది. 6 వారాల తర్వాత మళ్లీ చేసిన ఎండోస్కోపీలో అన్నవాహికలో పుండ్లు లేవు, జీర్ణాశయం పైభాగం ఛాతీలోకి జారే హయాటస్ హెర్నియా కూడా చెప్పుకోదగ్గంత లేదు. అప్పుడు మాత్రమే స్లీవ్ నాకు తగిన మార్గమని అంగీకరించారు. ఎగదన్నడం తగ్గకపోయి ఉంటే నేను బైపాస్‌కే ఒప్పుకునేదాన్ని, ఆ మేరకు నమ్మకం వారి మాటల్లో కలిగింది.

రెండో ప్రశ్న, బ్యాండ్ తీయడం, స్లీవ్ చేయడం ఒకే మత్తులో పూర్తి చేయాలా, వేరుగా చేయాలా అన్నది. రెండు పద్ధతులూ ఆచరణలో ఉన్నాయి. ఎంపిక చేసిన రోగుల్లో ఒకేసారి చేసి మంచి ఫలితాలు పొందుతున్న సర్జన్లు ఉన్నారు. నాకు రెండు దశలు సూచించడానికి కారణం కణజాలం. ఏళ్ల తరబడి సిలికాన్ ఒరుసుకున్న చోట జీర్ణాశయం చుట్టూ గట్టి మచ్చ పొర ఏర్పడుతుంది. పట్టీ జారకుండా జీర్ణాశయం గోడను దాని మీదికి మడిచి వేసిన కుట్లు కూడా ఉంటాయి. ఆ మడతలు విప్పాలి, ఆ పొర ఒలవాలి. స్లీవ్‌లో స్టేప్లర్ వరుస సరిగ్గా ఆ ప్రాంతం పక్క నుంచే పైకి వెళ్తుంది, అక్కడ గోడ వాచి మందంగా ఉంటే స్టేపుల్స్ సరిగా ముడుచుకోవు. స్లీవ్‌లో అందరూ భయపడే లీక్, అంటే కుట్టిన వరుస నుంచి లోపలి ద్రవం బయటికి కారడం, ఎక్కువగా వచ్చేది కూడా ఆ పై అంచులోనే. మొదటిసారి చేసే స్లీవ్‌తో పోలిస్తే రివిజన్‌లో ఆ ప్రమాదం కొంత ఎక్కువని దాచకుండా చెప్పారు.

మధ్యలోని 3 నెలలు నాకు ఈ చికిత్సలో అత్యంత కష్టకాలం. పట్టీ లేదు, స్లీవ్ రాలేదు. ఆకలి పూర్తి బలంతో తిరిగి వచ్చింది, 7 కిలోలు పెరిగాను. ఇలా పెరగవచ్చని ముందే చెప్పిన మాట నిజమే కానీ, ఆ 3 నెలల్లో బృందం నుంచి ఒక్క ఫోన్ రాలేదు. డైటీషియన్‌తో కలవడానికి నేనే మూడుసార్లు అడగవలసి వచ్చింది. శస్త్రచికిత్స ఎంత శ్రద్ధగా చేసినా, రెండు దశల మధ్య రోగిని ఒంటరిగా వదిలేయడం ఈ సేవలో పెద్ద లోపంగానే నేను భావిస్తాను. నెలకొకసారైనా పిలిచి మాట్లాడే ఏర్పాటు ఉండి తీరాలి.

స్లీవ్ రోజు గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. దానికి ముందు రెండు వారాలు తక్కువ కేలరీల ఆహారం పెట్టారు. కాలేయం ఎడమ భాగం జీర్ణాశయం మీదికి వచ్చి ఉంటుంది కాబట్టి, అది కుంచించుకుంటే పని చేయడానికి చోటు దొరుకుతుంది. నోటి ద్వారా కొలత గొట్టం ఒకటి లోపలికి పంపి, దాని వెంబడి జీర్ణాశయాన్ని స్టేప్లర్‌తో కోసి కుడతారు. నాకు వాడినది 36 ఫ్రెంచ్ సైజు, అంటే 12 మిల్లీమీటర్ల మందం. జీర్ణాశయంలో సుమారు 75 నుంచి 80 శాతం బయటికి తీసేస్తారు, అది మళ్లీ తిరిగి రాదు. ఆ సాయంత్రమే నన్ను లేపి నడిపించారు, కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా ఇంజెక్షన్లు ఇచ్చారు. డిశ్చార్జ్ కాగితంలో నాకు బాగా నచ్చినది, నాడి నిమిషానికి 120 దాటినా, జ్వరం వచ్చినా, పొట్టలోనో ఎడమ భుజంలోనో నొప్పి పెరుగుతున్నా ఉదయం వరకు ఆగకుండా రావాలని పెద్ద అక్షరాలతో రాసి ఉండడం.

రెండు చికిత్సల మధ్య తేడా ఏమిటని చాలామంది అడుగుతుంటారు. బ్యాండ్‌తో కడుపు నిండిందని చెప్పేది ఛాతీలో నొప్పి, స్లీవ్‌తో పక్కటెముకల కింద ఒక చిన్న ఒత్తిడి. అది వచ్చాక చెంచా కింద పెట్టడానికి నాకు పోరాటం అక్కర్లేదు. ఆకలిని రేపే గ్రెలిన్ హార్మోన్ ఎక్కువగా తయారయ్యే పై భాగం తీసేసినందువల్ల, మొదటి నెలల్లో భోజన వేళ అయిందని గడియారం చూసి గుర్తు తెచ్చుకోవలసి వచ్చింది. ఇప్పుడు ఆకలి కొంత తిరిగి వచ్చింది, కానీ మునుపటి ఆకలి కాదు. పొట్ట ఎడమ పక్కన తొమ్మిదేళ్లు వేలికి తగిలిన పోర్ట్ గుండీ ఉండే చోట ఇప్పుడు చిన్న గుంట మాత్రమే ఉంది. బోర్లా పడుకున్నప్పుడు ఏదీ గుచ్చుకోకపోవడం నాకు ఇప్పటికీ కొత్తగానే అనిపిస్తుంది.

రెండో దశకు ముందు 119 కిలోలు ఉన్న నేను ఇప్పుడు 88 కిలోలు ఉన్నాను. మొదటిసారే స్లీవ్ చేయించుకున్నవారితో పోలిస్తే రివిజన్ తర్వాత తగ్గుదల సాధారణంగా కొంత తక్కువగానే ఉంటుంది, ఆ సంగతి తెలిసి వెళ్తే నిరాశ ఉండదు. నాలుగో నెలలో జుట్టు గుప్పెళ్లతో ఊడింది, తొమ్మిదో నెలకు తిరిగి మొలవసాగింది. రోజుకు 60 గ్రాములకు తగ్గకుండా ప్రోటీన్ తీసుకోవడం, విటమిన్ బి12, డి, ఐరన్, కాల్షియం మాత్రలు, క్రమం తప్పని రక్త పరీక్షలు జీవితాంతం ఉంటాయి. వాంతులు ఆగకుండా కొన్ని రోజులు సాగితే థయమిన్ (విటమిన్ బి1) లోపించి నరాలు దెబ్బతినే ప్రమాదం ఉంది. ఇంత ముఖ్యమైన విషయాన్ని డైటీషియన్ నాకు 15 నిమిషాల సంభాషణ చివర, లేవబోతుండగా చెప్పారు. ఛాతీలో మంట నాకు వారానికి ఒకటి రెండుసార్లు వస్తోంది, మాత్రతో తగ్గుతోంది. మంట ఉన్నా లేకపోయినా అన్నవాహికను ఎండోస్కోపీతో అప్పుడప్పుడు చూసుకుంటూ ఉండాలన్నారు, మొదటిది వచ్చే నెలలో ఉంది.

పరీక్షల్లో, నిర్ణయంలో, శస్త్రచికిత్సలో ఈ బృందానికి నేను పూర్తి మార్కులు ఇస్తాను. నిరీక్షణ కాలంలో, ఆహార సలహాలో సగం కూడా ఇవ్వలేను. బ్యాండ్ జారి, బరువు తిరిగి వచ్చి, బ్యాండ్ వదులు చేశాక ఎగదన్నడం ఆగినవారికి ఈ మార్పిడిని నేను మనస్ఫూర్తిగా సూచిస్తాను. వదులు చేసినా ఎగదన్నడం ఆగనివారు, ఆమ్లం తగిలి తగిలి అన్నవాహిక లోపలి పొర మారిపోయే బారెట్స్ అన్నవాహిక ఉన్నట్లు తేలినవారు స్లీవ్ కోసం పట్టుబట్టకుండా బైపాస్ గురించి మాట్లాడుకోవాలి. బ్యాండ్ ఏ ఇబ్బందీ పెట్టకుండా పని చేస్తున్నవారు బరువు ఇంకొంచెం తగ్గాలన్న ఒక్క ఆశతో దీనికి దిగకూడదన్నది నా గట్టి అభిప్రాయం.

సంప్రదింపుకు వెళ్లే ముందు మొదటి ఆపరేషన్ నోట్స్ తప్పక సంపాదించుకోండి. ఏ రకం బ్యాండ్ వేశారు, జీర్ణాశయాన్ని దాని మీద ఎన్ని కుట్లతో మడిచారు, పోర్ట్ ఎక్కడ బిగించారు అన్న సంగతులు అందులో ఉంటాయి, రివిజన్ చేసే సర్జన్ మొదట అడిగేది కూడా అదే. నా దగ్గర లేకపోవడంతో పాత కేంద్రం నుంచి తెప్పించడానికి 3 వారాలు పట్టింది. నా రెండు కొత్త ఆపరేషన్ల నోట్స్ మాత్రం డిశ్చార్జ్ రోజునే అడిగి తీసుకున్నాను.